మొక్కల లెక్క, అడవి లెక్క: పర్యావరణ పునరుద్ధరణకు ఉమ్మడి ప్రమాణాల చర్చ

కొల్లేరు ఎక్కడిదాకా ఉండాలి? ఈ ప్రశ్నకు పాతికేళ్ళలో ఒకటికి మించిన అధికారిక జవాబులు వచ్చాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీతను, అంటే లంక గ్రామాల్లో అందరి నోటా నలిగే ‘ఐదో కాంటూరు’ను, హద్దుగా తీసుకున్నారు. ఆ లెక్కన సరస్సు 308 చదరపు కిలోమీటర్లు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట ఆ హద్దు లోపలి చేపల చెరువుల గట్లు తెంచారు. 2008లో హద్దును మూడో కాంటూరుకు కుదించమని శాసనసభ తీర్మానం చేసింది. ఐదో కాంటూరే ఉండాలని, ఈ కుదింపును పరిశీలించిన అజీజ్ కమిటీ 2011లో చెప్పింది. ఈలోగా తెగిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి.

ఈ గొడవ అంతటిలో కాంటూరు మాటే మారుమోగింది. గట్లు తెంచాక సరస్సు కోలుకుందని చెప్పడానికి ఏం చూడాలన్నది మాత్రం వెనకబడింది. నీటి లోతు చూడాలా, ఆటపాకలో గూడుకట్టే గూడబాతుల సంఖ్యా, ఉప్పుటేరు మీదుగా ఎగదన్నే ఉప్పా, వలేసి బతికే కుటుంబం రాబడా? వీటిలో ఏది ఎంతకు చేరితే పని అయినట్టు? ముందుగా రాసుకున్న కొలబద్ద లేకపోతే ఏ పక్షమైనా తమదే గెలుపని చెప్పుకోవచ్చు, ఏ పక్షమైనా పని చెడిందని చెప్పవచ్చు.

కొల్లేరుకు వచ్చిన చిక్కే ఇప్పుడు ప్రపంచమంతటికీ వచ్చింది. 2021 నుంచి 2030 దాకా ఆవరణ వ్యవస్థల పునరుద్ధరణ దశాబ్దమని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. పాడైన ప్రాంతాల్లో కనీసం 30 శాతాన్ని 2030లోగా పునరుద్ధరణ కిందికి తేవాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశం తన వంతు 2.6 కోట్ల హెక్టార్లని 2019లో మాటిచ్చింది. హెక్టార్లు పెద్దవి, నిధులు పెద్దవి. అందుకే బాగుపడటమంటే ఏమిటో అందరూ ఒప్పుకునే ప్రమాణాలు ఉండాలన్న వాదన బలపడింది. దానితోపాటు ప్రమాణాలే ముప్పు తెస్తాయన్న ఎదురువాదనా బలపడింది.

ఇష్టం బాకీగా మారిన వైనం

ఒకప్పుడు ఇక్కడ ఏముండేదో దాన్నే తిరిగి తేవాలన్న పట్టుదలతో శాస్త్రజ్ఞులు చేసిన తొలి ప్రయత్నాల్లో పేరుపొందినది అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వృక్షవాటికలో జరిగింది. 1930ల్లో, ఆల్డో లియోపోల్డ్ వంటివారి చొరవతో, దున్ని వదిలేసిన పొలాన్ని ప్రెయిరీ గడ్డినేలగా మార్చే పని మొదలైంది. స్థానిక గడ్డిజాతులు నాటారు. అవి నిలవాలంటే అప్పుడప్పుడు నిప్పు కూడా పెట్టాలని పని చేస్తూనే నేర్చుకున్నారు. అక్కడ కొలబద్ద గొడవ రాలేదు. చేసేవారూ చూసేవారూ తప్పొప్పులు ఎంచేవారూ ఒకరే కదా.

చట్టం వచ్చాక పరిస్థితి మారింది. గని తవ్విన నేలను తవ్వినవాడే చక్కదిద్దాలని అమెరికా 1977లో శాసనం చేసింది. 1989 నుంచి చిత్తడినేలల విషయంలో ‘నికర నష్టం ఉండకూడదు’ అన్న విధానం పట్టుకుంది. అంటే ఒకచోట చిత్తడి పూడ్చి రోడ్డు వేస్తే, మరోచోట చిత్తడి చేసి చూపాలి. బాగుచేయడం ఇష్టంగా ఉన్నన్నాళ్ళూ మనసుకు తృప్తి చాలు. అది బాకీగా మారాక తీరిందని చెప్పడానికి రసీదు కావాలి. ప్రమాణాల చర్చ నిజంగా పుట్టింది ఈ రసీదు అవసరంలోనే.

ఆ రసీదుల్లో చాలావాటికి విలువ లేదని పరిశోధకులు 2000 తర్వాత ఒక్కొక్కటిగా బయటపెట్టారు. అమెరికాలో నదుల పునరుద్ధరణ పేరిట నమోదైన 37 వేలకు పైగా ప్రాజెక్టుల వివరాలను 2005లో ఒక బృందం ఒకచోట చేర్చి చూసింది. పని తర్వాత ఏం జరిగిందో గమనించినట్టు రాసుకున్నవి వాటిలో దాదాపు పది శాతమే. అదే ఏడాది నదీ పునరుద్ధరణ సఫలమైందని అనడానికి ఐదు గీటురాళ్ళు ప్రతిపాదిస్తూ మార్గరెట్ పామర్, ఆమె సహచరులు రాసిన వ్యాసం ఈ రంగంలో తొలి గట్టి ప్రమాణపత్రం అనదగ్గది. 2012లో 621 చిత్తడినేలల సమాచారాన్ని జల్లెడపట్టిన మరో అధ్యయనం, పునరుద్ధరించామన్నవి దశాబ్దాలు గడిచినా జీవుల కూర్పులోనూ పనితీరులోనూ చెక్కుచెదరని చిత్తడులకు దాదాపు నాలుగోవంతు వెనకబడే ఉన్నాయని తేల్చింది. ఇక్కడిది పూడ్చి అక్కడ చేస్తే సరిపోతుందన్న లెక్కకు ఇది పెద్ద దెబ్బ.

మరోవైపు 1988లో ఏర్పడిన అంతర్జాతీయ పర్యావరణ పునరుద్ధరణ సంఘం ముందు 2004 నాటికి ఒక నిర్వచనాన్ని స్థిరపరచింది. క్షీణించిన, దెబ్బతిన్న, లేదా నాశనమైన ఆవరణ వ్యవస్థ కోలుకోవడానికి తోడ్పడే ప్రక్రియే పునరుద్ధరణ అన్నది దాని సారం. కోలుకునేది ప్రకృతి, మనిషి చేసేది సాయం మాత్రమే. తర్వాత ఆస్ట్రేలియాలోని దాని శాఖ జాతీయ ప్రమాణాలు రాసింది. వాటిని విస్తరించి 2016 డిసెంబరులో అంతర్జాతీయ ప్రమాణాలు, విమర్శలన్నీ విన్నాక 2019లో రెండో కూర్పు వెలువడ్డాయి. విత్తనాలకు, గనులకు విడివిడి ప్రమాణాలు, పనిచేసేవారికి ధ్రువపత్రాలు ఆ వెంటే వచ్చాయి. పత్రాలకు కొదవ లేదు.

పత్రంలో ఉన్నదేమిటి

2019 కూర్పులో ఎనిమిది సూత్రాలున్నాయి. అసలు బరువంతా రెండు మూడింటి మీదే. మొదటిది మాదిరి: ఈ నేల చెడకపోయి ఉంటే ఇవాళ ఎలా ఉండేదో చెప్పే నమూనా ఒకటి ముందుగా కట్టుకోవాలి. చుట్టుపక్కల మిగిలిన మంచి తునకలు, పాత రికార్డులు, ఊరి పెద్దల జ్ఞాపకాలు, మారుతున్న వాతావరణం అన్నీ కలిపి ఆ నమూనా తయారవుతుంది. వందేళ్ళనాటి ఫొటోను యథాతథంగా మళ్ళీ తీయాలన్నది దాని ఉద్దేశం కాదు. ఈ సంగతిని విమర్శకులు తరచు పక్కన పెడతారు.

రెండోది కొలత. ఆరు లక్షణాలు చూడమంటుంది: ముప్పులు తొలగాయా, నేలా నీరూ సరిపడ్డాయా, ఉండవలసిన జాతులు ఉన్నాయా, అడవిలో అంతస్తులు ఏర్పడ్డాయా, పరాగసంపర్కం, పోషకాల చక్రం వంటి పనులు సాగుతున్నాయా, చుట్టుపక్కల ఆవరణాలతో రాకపోకలు కుదిరాయా. ఒక్కోదానికీ ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు. వీటిని ఒక చక్రం మీద రంగులుగా నింపి చూపిస్తారు. ఒక చోట జాతుల కూర్పు నాలుగు నక్షత్రాలకు చేరి, నీటి పరిస్థితి ఒక్క నక్షత్రం దగ్గరే ఆగిపోతే, చక్రం చూడగానే తెలిసిపోతుంది. ఇది ఆ పత్రానికి నిజమైన బలం: ఒకే అంకె వెనక దాక్కోవడం కుదరదు.

మూడోది నిచ్చెన. ఊరి చెరువులో మురుగు తగ్గించడం దగ్గరనుంచి పూర్తి పునరుద్ధరణ దాకా అన్నీ విలువైన పనులే, కాని అన్నిటికీ ఒకే పేరు పెట్టవద్దంటుంది. బొగ్గు గని మట్టిగుట్ట మీద పచ్చదనం తెచ్చినా మేలే, దాన్ని అడవి తిరిగొచ్చిందని మాత్రం అనకూడదు.

వాదాలు, ఎదురువాదాలు

మాదిరికి కట్టుబడాలనే పక్షం ఎంత బలమైనదో, దానిమీద దాడీ అంతే బలమైనది. రిచర్డ్ హాబ్స్, ఎరిక్ హిగ్స్, జిమ్ హారిస్ 2009లో ‘కొత్త ఆవరణ వ్యవస్థలు’ అన్న భావనను ముందుకు తెచ్చారు. బయటి జాతులు వేళ్ళూనుకుని, నేల మారి, వాతావరణం వేడెక్కి, కొన్నిచోట్ల పాత స్థితి తిరిగి వచ్చే దారే మూసుకుపోయిందనీ, అటువంటిచోట ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకుని దాన్నుంచి మేలు రాబట్టాలనీ వారి వాదం. 2014లో కరొలీనా మూర్సియా, జేమ్స్ అరన్సన్ తదితరులు దీనికి గట్టి జవాబిచ్చారు. దారి మూసుకుపోయిందని తేల్చేదెవరు, ఏ ఆధారంతో అన్నది వారి ప్రశ్న. తీరని నష్టమని ముద్ర వేస్తే, ఆ నష్టం చేసినవాడికి అంతకంటే కావలసిందేముంది?

ఈ తగవును మన సర్కారు తుమ్మ దగ్గర పెట్టి చూస్తే రెండు వైపులా నిజముందని తెలుస్తుంది. కచ్‌లోని బన్నీ గడ్డిభూముల్లో ఉప్పు ముందుకు రాకుండా 1960ల్లో ప్రభుత్వమే దాన్ని నాటించింది. ఇప్పుడది మైదానంలో పెద్దభాగాన్ని కప్పేసింది. మాదిరి పక్షం దాన్ని పీకేసి గడ్డిని తేవాలంటుంది. అయితే దాని బొగ్గు మీద బతికే కుటుంబాలు అక్కడా ఉన్నాయి, రాయలసీమలోనూ ఉన్నాయి. చెట్టు పరాయిదే, ఆ పొయ్యి మాత్రం సొంతది. పీకడానికి ముందు ఆ పొయ్యి సంగతి తేల్చని ప్రమాణం కాగితం మీదే ఉండిపోతుంది.

మరో దాడి ప్రమాణాలు అనే రూపం మీదే వచ్చింది. 2018లో హిగ్స్ మరికొందరితో కలిసి రాసిన వ్యాసంలో, దిశ చూపే సూత్రాలు వేరు, పాటించి తీరవలసిన ప్రమాణాలు వేరని గుర్తుచేశారు. పత్రం ఒకసారి వచ్చాక ప్రభుత్వాలు, నిధులిచ్చే సంస్థలు దాన్ని గళ్ళు నింపే ఫారంగా మారుస్తాయనీ, స్థానిక ప్రయోగాలకు చోటు చాలదనీ వారి భయం. ప్రమాణాలు రాసినవారు అదే ఏడాది జవాబు చెప్పారు: మేం రాసింది కనీస భాష, ఒకే వంటకం కాదు, అసలేమీ లేకపోతే పునరుద్ధరణ అన్న ముద్ర ఎవరైనా దేనిమీదైనా కొట్టుకుంటారు. రెండో కూర్పులో ప్రజల భాగస్వామ్యానికీ స్థానిక జ్ఞానానికీ ముందు వరసలో చోటు దక్కడానికి ఈ రగడ కొంత కారణమనిపిస్తుంది.

మూడో ధోరణి వాదనల్లో తక్కువగా, బురదలో ఎక్కువగా కనబడుతుంది. నాటడం మానేసి, అడ్డం ఏమిటో కనిపెట్టి తీసేస్తే చాలు, మిగతాది ప్రకృతే చూసుకుంటుందంటుంది. మడ అడవుల్లో దీనికి బలమైన సాక్ష్యం ఉంది. తమిళనాడులోని పిచ్చవరంలో పూర్వం అడవిని తెగనరికినచోట నేల కుంగి, పోటు నీరు గుంటల్లో నిలిచి ఎండి, ఉప్పు పేరుకుపోయింది. అక్కడ ఏ మొక్కా బతకదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఆటుపోట్లకు మళ్ళీ దారి ఇచ్చాయి. ఉప్పు కడుక్కుపోయాక మడ పెరిగింది. అదే పద్ధతిని గోదావరి, కృష్ణా డెల్టాల్లో కూడా అనుసరించారు. చిలికా సరస్సుదీ ఇటువంటి కథే. 2000లో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తెరిచాక లవణీయత కుదుటపడింది, చేపలు తిరిగొచ్చాయి. ప్రమాదంలో ఉన్న చిత్తడుల అంతర్జాతీయ జాబితాలోంచి చిలికా పేరు 2002లో తొలగింది. దీనికి వ్యతిరేక సాక్ష్యం ఫిలిప్పీన్స్‌లో ఉంది. అక్కడ దశాబ్దాలపాటు అనువుకాని బురదమేటల మీద మడ మొక్కలు నాటుతూ పోతే, బతికినవి మొత్తం మీద పది ఇరవై శాతమే.

నాలుగోది హక్కుల పక్షం. పునరుద్ధరించే నేల ఎవరిదో, ఎవరి మేతబీడో, ఎవరి పోడో ముందు తేల్చమంటుంది. హిమాచల్‌లోని కాంగ్రా జిల్లాలో దశాబ్దాల ప్లాంటేషన్లను పరిశీలించి 2021లో వెలువడిన అధ్యయనం ఈ పక్షానికి ఊతమిచ్చింది. అన్నేళ్ళు నాటినా అక్కడ చెట్ల నీడా పెద్దగా పెరగలేదు, ఊళ్ళకు వంటచెరకూ మేతా పెరగలేదు.

నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా సిద్ధాంతంలో కంటే కొలిచే వస్తువులో ఎక్కువ కనబడుతుంది. మాదిరి పక్షం జాతులనూ కూర్పునూ కొలుస్తుంది; దాని ముప్పు, అందని ఆదర్శం. కొత్త ఆవరణాల పక్షం మేలును కొలుస్తుంది. దాని ముప్పు, పాడుచేసినవాడికి సులువు దారి. అడ్డం తొలగించే పక్షం నీటినీ నేలనూ కొలుస్తుంది. విత్తనమే మిగలని చోట అది నిస్సహాయం. హక్కుల పక్షం మనుషుల రాబడినీ అధికారాన్నీ కొలుస్తుంది. మనుషులకు పనికిరాని పిట్టకు అందులో ఓటు లేదు. అంతర్జాతీయ ప్రమాణాలు ఈ నాలుగింటినీ ఒకే చక్రంలో ఇరికించాలని చూశాయి. కాగితం మీద కుదిరింది.

సావో పాలో ప్రయోగం

ప్రమాణాలను చట్టంగా పెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రం కంటే మంచి ఉదాహరణ లేదు. అక్కడి అట్లాంటిక్ అడవుల్లో మిగిలింది తక్కువ. దాన్ని తిరిగి పెంచడానికి వేసిన తొలి ప్లాంటేషన్లలో జాతులు బహుకొద్ది. త్వరగా పెరిగే చెట్లు త్వరగానే చచ్చి, కింద గడ్డి ముసురుకుని, చాలాచోట్ల పని మొదటికొచ్చింది. దాంతో 2001 నుంచి రాష్ట్ర పర్యావరణ శాఖ వరుసగా నిబంధనలు తెచ్చింది. 2008 నాటికి అవి బాగా బిగిశాయి: అడవి పునరుద్ధరణ అంటే కనీసం 80 స్థానిక జాతులు ఉండాలన్నారు.

శాస్త్రజ్ఞులు రెండుగా చీలారు. 80 అనే అంకెకు ఆధారమేదని ఒక వర్గం అడిగింది. నర్సరీల్లో అన్ని జాతులు దొరకవు, ఖర్చు పెరుగుతుంది, పైగా గడ్డీ చెట్టూ కలిసిన సెర్రాడో నేలలకు అడవి సూత్రం అతకదు. నాటిన రోజు ఎన్ని జాతులున్నాయన్నది పదేళ్ళ తర్వాత ఎన్ని ఉంటాయో చెప్పదు. రెండో వర్గం వాదన వ్యవహారానికి దగ్గరగా ఉంది. ఆ నిబంధన వల్లే నర్సరీలు పది పదిహేను జాతుల దగ్గర ఆగకుండా కొత్త విత్తనాల వేటకు వెళ్ళాయి, గిరాకీ లేకుండా సరఫరా రాదు అన్నది. ఇద్దరి మాటలోనూ నిజముంది.

అక్కడి ప్రభుత్వం పట్టుదలకు పోకపోవడమే ఈ కథలో విశేషం. 2014లో నిబంధనను తిరగరాశారు. ఎన్ని నాటారు, ఎలా నాటారు అని అడగడం మానేశారు. బదులుగా మూడు విషయాలు అడిగారు: స్థానిక వృక్షజాలం నేలను ఎంత కప్పింది, తనంత తాను మొలిచే స్థానిక మొక్కలు హెక్టారుకు ఎన్ని, వాటిలో జాతులెన్ని. అడవికి ఒక అంకె, సెర్రాడోకు మరో అంకె. మూడో ఏట, ఐదో ఏట, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి ఇరవయ్యో ఏడు దాకా నివేదిక ఇవ్వాలి. నాటితే నాటండి, కంచె వేసి వదిలేస్తే వదిలేయండి, మాకు కావలసింది తనంత తాను మొలుస్తున్న అడవి అన్నట్టు.

తనంత తాను మొలిచే మొక్కను కొలవడంలో తెలివి ఉంది. నాటిన మొక్క కాంట్రాక్టరు పని చెబుతుంది, మొలిచిన మొక్క నేల సంగతి చెబుతుంది. విత్తనం తెచ్చే పిట్ట వస్తోందా, మట్టిలో తడి నిలుస్తోందా, మేత ఒత్తిడి తగ్గిందా అన్నవన్నీ ఆ ఒక్క మొలకలో కనబడతాయి. పైగా దాన్ని కొలవడానికి ఉపగ్రహం అక్కర్లేదు. తాడు, కర్ర, మొక్కలు గుర్తుపట్టే మనిషి చాలు.

మనకున్న ప్రమాణం

భారతదేశంలో పునరుద్ధరణకు ప్రమాణాలు లేవన్నది తరచు వినిపించే ఫిర్యాదు. అది సరి కాదు. మనకొక ప్రమాణం చాలా గట్టిగానే ఉంది: మొక్కల సంఖ్య. పెళ్ళికి ఎందరొచ్చారో చెప్పి కాపురం ఊసెత్తనట్టు, మన వార్షిక నివేదికలు కోట్ల మొక్కల దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి.

2015లో మొదలైన తెలంగాణ హరితహారం 230 కోట్ల మొక్కలు లక్ష్యంగా పెట్టుకుంది. పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్నది ఆశయం. 1988 జాతీయ అటవీ విధానంలోని మూడోవంతు సూత్రమే దీనికి మూలం. నాటి వదిలేస్తే లాభం లేదని గ్రహించి, 2018 పంచాయతీరాజ్ చట్టంలో 85 శాతం మొక్కలు బతికించే బాధ్యతను పంచాయతీల మెడకు చుట్టారు. ఇది ముందడుగే. కాని బతికిన శాతమే గీటురాయి అయినప్పుడు సర్పంచి ఏ మొక్క ఎంచుకుంటాడు? మేక మూతిపెట్టనిది, నీళ్ళడగనిది, త్వరగా ఎదిగేది. రోడ్ల మధ్యన కోనోకార్పస్ బారులు తీరడంలో ఈ లెక్క పాత్ర తక్కువేమీ కాదు. చివరికి దాన్ని పెంచవద్దని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. ప్రమాణం ఏది కోరితే అదే పండుతుంది.

పైస్థాయి కొలతదీ ఇదే తీరు. భారత అటవీ సర్వే లెక్కలో, హెక్టారుకు తగ్గని నేల మీద చెట్ల నీడ పది శాతం ఉంటే అది అటవీ విస్తీర్ణం. జాతి ఏదైనా, యజమాని ఎవరైనా సరే. జామాయిల్ తోటా, మామిడి తోటా, నల్లమల అడవీ ఒకే ఖాతాలో పడతాయి. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్‌లో 647 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో 632 చదరపు కిలోమీటర్లు పెరిగి రెండు రాష్ట్రాలూ దేశంలో మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. తర్వాతి నివేదికలో రెండింటా తగ్గుదల నమోదైంది. పెరిగినప్పుడు అడవి పెరిగిందా, తగ్గినప్పుడు జామాయిల్ నరికారా అన్నది ఆ అంకెలు చెప్పవు.

పరిహార అడవుల సంగతి మరీ చేదు. అటవీ భూమిని ఇతర పనులకు మళ్ళించినందుకు బదులుగా రావలసిన అటవీయేతర భూమిలో వచ్చింది దాదాపు 27 శాతమేనని 2013లో కాగ్ తేల్చింది. 2016 చట్టం తర్వాత, 2019లో, కేంద్రం రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా విడుదల చేసింది. డబ్బుకు లోటు తీరింది. ఆ డబ్బుతో ఏం తిరిగి రావాలన్నది ఇంకా మొక్కల భాషలోనే ఉంది.

గ్రీన్ క్రెడిట్ పథకం ఈ చర్చను ఒక కొసకు తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పద్ధతి ప్రకారం పలచని అడవులు, పొదల నేలలు, బంజర్లలో హెక్టారుకు కనీసం 1,100 చెట్లు ఉండాలి, చెట్టుకో క్రెడిట్. విమర్శలు వెల్లువెత్తాక 2025 ఆగస్టులో సవరించారు. ఇప్పుడు ఐదేళ్ళు ఆగి, చెట్ల నీడ 40 శాతానికి చేరితేనే క్రెడిట్లు. నాటిన లెక్క నుంచి ఫలితం లెక్కకు జరగడం సావో పాలో నడిచిన దారే. అయితే సావో పాలో అడవికీ సెర్రాడోకూ వేరువేరు గీతలు గీసింది. మనం పొదల నేలకూ అదే 40 శాతం నీడ గీత గీశాం.

ఆ తేడా ఎంత ఖరీదైనదో కడప జిల్లా లంకమల్ల అంచున ఉన్న కలివి కోడిని చూస్తే తెలుస్తుంది. అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో అక్కడ మళ్ళీ కనబడింది. అది ఎటువంటి చోట తిరుగుతుందో తర్వాత పరిశోధకులు కొలిచారు: రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్న, మధ్యమధ్య ఖాళీ నేల ఉన్న చిట్టడవి. పొదలు మరీ పలచబడినా, మరీ చిక్కబడినా అది ఉండదు. అటువంటి నేలలో చెట్ల నీడను 40 శాతానికి చేరిస్తే పథకం నెగ్గుతుంది, పిట్ట ఓడుతుంది. నంద్యాల జిల్లా రోళ్ళపాడు గడ్డినేలల్లో బట్టమేక పిట్టకు మిగలని చోటు గురించీ ఇదే ప్రశ్న అడగాలి. దేశ విస్తీర్ణంలో దాదాపు పదోవంతు ఇటువంటి పొడి గడ్డినేలలు, చిట్టడవులేనని, వాటిలో రక్షణ ఉన్నది ఐదు శాతంలోపేనని 2023లో వచ్చిన పటం చూపింది. చెట్టు లేకపోవడమే జబ్బనుకునే ప్రమాణానికి ఈ పదోవంతు రోగిగానే కనబడుతుంది.

కొలబద్ద ఎవరి చేతిలో

అనంతపురం ప్రాంతంలోని కల్పవల్లి ఈ చర్చలో తరచు తలవవలసిన పేరు. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ అండతో చుట్టుపక్కల ఊళ్ళు 1990ల నుంచి వేల ఎకరాల బోడిగుట్టలను కాపాడుకున్నాయి. నాటింది తక్కువ. నిప్పు పడకుండా చూసుకోవడం, మేతకు కట్టుబాట్లు పెట్టుకోవడం ప్రధానం. గడ్డి వచ్చింది, ఈతచెట్లు వచ్చాయి, వాగుల్లో నీరు ఎక్కువ రోజులు నిలిచింది. అంతర్జాతీయ చక్రం మీద పెడితే మంచి నక్షత్రాలే పడతాయి. కాని రెవెన్యూ రికార్డులో ఆ నేల బంజరుగానే ఉండిపోయింది. గాలిమరల కంపెనీ వచ్చినప్పుడు ఆ రికార్డే చెల్లింది. గుట్టల మీద రోడ్లు పడ్డాయి.

అంటే ఎంత బాగా కొలిచినా, ఆ కొలతను గుర్తించే అధికారపత్రం లేకపోతే ఫలితం నిలవదు. ప్రమాణాలు రాసినవారిలో ఎక్కువమంది శాస్త్రజ్ఞులు. అందుకే నేల గుణం మీద వారి పత్రాలు దృఢంగా, నేల పట్టా మీద పలచగా ఉన్నాయి. పోడు భూముల్లో ప్లాంటేషన్లు వేసినప్పుడల్లా ఆదిలాబాద్, ఖమ్మం ప్రాంతాల్లో రేగిన ఘర్షణలు ఏ నక్షత్రాల చక్రంలోనూ కనబడవు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవిని కాపాడే అధికారమిచ్చింది. వనసంరక్షణ సమితుల అనుభవం మూడు దశాబ్దాలది. కొలిచే పనిని, అంటే తాడూ కర్రా పట్టి మొలకలు లెక్కపెట్టే పనిని, వీరికి అప్పగించి జీతమిస్తే ఖర్చు తక్కువ, నిజం ఎక్కువ. ఈ దిశలో ప్రయత్నాలు చెదురుమదురుగానే ఉన్నాయి.

తేలనివి

ప్రమాణాలు పాటించిన ప్రాజెక్టులు పాటించనివాటి కంటే నిజంగా మెరుగా అన్న మౌలిక ప్రశ్నకే గట్టి జవాబు ఇంకా రాలేదు. రెండో కూర్పు వచ్చి కొన్నేళ్ళే అయింది. అడవి ఆ వేగంతో తీర్పు చెప్పదు. అందువల్ల ప్రమాణాలను సమర్థించేవారు ఇప్పటికి ఆధారంతో కంటే తర్కంతో ఎక్కువ మాట్లాడుతున్నారు. ఆ తర్కం నాకు సబబుగానే తోస్తుంది, అయినా ఇప్పటికది తర్కమే.

వాతావరణం మారుతుంటే మాదిరిని ఎంత సాగదీయవచ్చన్నది రెండో చిక్కు. యాభై ఏళ్ళ తర్వాతి వానను ఊహించి ఇవాళ విత్తనం ఎంచుకోవాలంటే, పక్క జిల్లా పొడినేల విత్తనం తేవచ్చా? స్థానికం అన్న మాటకు హద్దు ఎక్కడ? శాస్త్రజ్ఞులు ఇక్కడ ఏకాభిప్రాయానికి దగ్గర్లో కూడా లేరు.

డబ్బు, కాలం మరో చిక్కు. సావో పాలో ఇరవై ఏళ్ళ నివేదిక అడుగుతుంది. మన బడ్జెట్లు ఏడాదివి, ప్రభుత్వాలు ఐదేళ్ళవి. ప్లాంటేషన్‌కు టెండరు పిలవడం తెలుసు, పదో ఏట మొలకలు లెక్కపెట్టడానికి టెండరు పిలిచే అలవాటు లేదు. ప్రాజెక్టు ఖర్చులో కొంత భాగాన్ని తర్వాతి పర్యవేక్షణకు ముందే కట్టి ఉంచాలన్న సూచన పాతదే, అమలే అరుదు.

ఇక అన్నిటికంటే ముందు తేలవలసింది హారం. 30 శాతం పునరుద్ధరిస్తామని ఒప్పుకున్నాం. దేనిలో 30 శాతం? హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సహకారంతో వచ్చిన 2019 బంజరు భూముల అట్లాసు ప్రకారం దేశంలో బంజరు దాదాపు 5.58 కోట్ల హెక్టార్లు. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం 2021 అట్లాసు ప్రకారం క్షీణించిన నేల 9.78 కోట్ల హెక్టార్లు. మొదటి అట్లాసు బంజరుగా చూపే పొదల నేలల్లో, గడ్డినేలల్లో కొంత, అసలు చెడనే లేదు. అది ఉండవలసినట్టే ఉంది. దాన్ని జాబితాలోంచి తీసేస్తే లక్ష్యం చిన్నదవుతుంది, ఉంచితే బాగున్న నేలను బాగుచేసే పని మొదలవుతుంది. ఏ హెక్టారు ఏ ఖాతాలోదో జిల్లాల వారీగా ఎవరు విడదీస్తారన్నది ఇంకా ఏ ఉత్తర్వులోనూ లేదు.